తీగ మీద గౌన్లు

"ఈ గీత ఎవరు కొట్టారండీ?"

సుబ్బరత్నం ఒక చేతిలో పెసరట్టు పళ్ళెం ఉంది. దాన్ని బల్ల మీద పెట్టలేదు, భర్తకు అందివ్వనూ లేదు. రెండో చేతిలో కేబుల్ కనెక్షన్ల జాబితా కాగితాల కట్ట పట్టుకుని అలాగే నిలబడింది.

అమరేశ్వరరావు పేపరు దించలేదు. "ఏ గీత?"

"ఏమీ ఎరగనట్టు అడక్కండి. నూట ముప్ఫై నాలుగో ఇల్లు. ఎర్ర పెన్సిలు ఈ కొంపలో మీ జేబులో తప్ప ఇంకెక్కడుంది?"

"సంతకం రాలేదు. కొట్టేశాను."

"అడిగారా?"

"ఎవరడగాలి? నేనా?"

పేపరు వెనక నుంచి వచ్చిన ఆ 'నేనా' వినేసరికి సుబ్బరత్నానికి ఒళ్ళు మండింది. పళ్ళెం బల్ల మీద పెట్టింది. పెట్టిందనడం మర్యాదకే, విసిరినంత పని చేసింది. అల్లం పచ్చడి చింది పేపరు మీద పడింది.

"అందరి ఇళ్ళకీ లైన్‌మన్ ప్రహ్లాదు చేత ఫారాలు పంపారు. కోఠీ కొట్లో కూర్చునే సేఠ్ గారి దగ్గరికి మనిషిని తోలి మరీ సంతకం తెప్పించారు. ఆ ఒక్క ఇంటికీ ఫారమే వెళ్ళలేదు. వెళ్ళని ఫారం మీద సంతకం ఎక్కడి నుంచి వస్తుందండీ?"

"రేపు ఉదయం ఏడింటికి పాత కేబుల్ లైను ఆగిపోతుంది రత్నం. కంపెనీ సెట్‌టాప్ బాక్సు ఉన్నవాళ్ళకే బొమ్మ వస్తుంది. బాక్సు కావాలన్నవాళ్ళు వాళ్ళే వచ్చి అడుగుతారు."

"తొమ్మిదేళ్ళు ఎవరడిగారని తీగ ఇచ్చారు?"

ఇక్కడ అమరేశ్వరరావు పేపరు దించక తప్పలేదు. అరవై రెండేళ్ళ మనిషి. పదహారేళ్ళుగా నాంపల్లి, ఆబిడ్స్ డాబాల మీద తీగలు లాగి లాగి అరచేతులు కాయలు కాచిన మనిషి. ఆ చేతులతో పేపరు మీది పచ్చడి తుడుస్తూ, తలెత్తకుండా చెప్పాడు.

"తీగ వేరే, బాక్సు వేరే. తీగ నా ఇష్టం. పక్క డాబా మీద నుంచి లాగి గోడ మీద వదిలేస్తాను. చూస్తే చూస్తారు, లేకపోతే లేదు. నేనిచ్చానని వాళ్ళు అనక్కర్లేదు, తీసుకున్నారని నేను అనక్కర్లేదు. బాక్సు అలా కుదరదు. దానికి పేరు రాయాలి, ఫోను నంబరు రాయాలి, ఇంటివాళ్ళు సంతకం పెట్టాలి. పేరు లేని ఇంటికి కంపెనీ కంప్యూటరు బొమ్మ వదలదు."

"అయితే పేరు రాయండి."

ఆయన రాయలేదు. చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. పెసరట్టు చల్లారిపోయింది.

ఆ పేరు ఆ ఇంట్లో నోటితో పలికి తొమ్మిదేళ్ళయింది. తమాషా ఏమిటంటే, అదే పేరు వీధిలోకి మూడడుగుల నీలం అక్షరాల్లో వేలాడుతూనే ఉంది. 'దివ్య విజన్'. కూతురు దివ్యశ్రీ పదో తరగతిలో ఉండగా డాబా మీద డిష్ పెట్టి, ఆ పిల్ల చేతే స్విచ్ వేయించి, ఆ పిల్ల పేరే బోర్డు మీద రాయించాడు. పిల్ల ఇల్లు విడిచి వెళ్ళిన మూడో ఏడు గాలివానకి బోర్డు ఒక పక్కకి ఒరిగిపోతే, పనివాళ్ళ కోసం చూడకుండా తనే నిచ్చెనేసుకుని ఎక్కి బిగించాడు. ఎవరో అడిగితే, "బోర్డు మారిస్తే జనానికి మనం తెలీదయ్యా" అన్నాడు. జనం నమ్మారు. సుబ్బరత్నం నమ్మలేదు.

టిమోతిని కూడా ఆయనే తెచ్చుకున్నాడు. మెదక్ నుంచి వచ్చిన కుర్రాడు, చర్చి స్కూల్లో చదువుకున్నవాడు, పని తెలిసినవాడు. డాబా మీది కంట్రోల్ రూములో లోకల్ ఛానల్ పెట్టింది, మైకు అమర్చింది, ఆరున్నరకి ప్రకటనలు చదివితే బాగుంటుందని సుబ్బరత్నాన్ని ఒప్పించింది అతనే. "ఎన్నటికైనా ఈ తీగల పద్ధతి పోయి అంతా కంప్యూటర్ పద్ధతి వస్తది సార్, మనం ఇప్పట్నించే నేర్చుకుందాం" అని తొంభై ఎనిమిదిలోనే అన్నాడు. అమరేశ్వరరావు నవ్వేశాడు. ఏడాది తిరక్కుండా దివ్యా, టిమోతీ చర్చిలో పెళ్ళి చేసుకున్నారు. మతం వేరని ఆయన మండిపడ్డాడని బస్తీ అంతా అనుకుంది. అది కొంతే. తన కంట్రోల్ రూములో, తన కళ్ళెదుట, తనకు తెలియకుండా జరిగింది. ఊళ్ళో ఎవరింటికి ఏ తీగ వెళ్తోందో చెప్పగలిగిన మనిషికి తన ఇంట్లో సంగతి తెలియలేదు. ఆ అవమానం ఆయన మింగలేకపోయాడు.

కానీ పెళ్ళయిన వారానికే, రెడ్‌హిల్స్ వైపు గల్లీలో టిమోతి తీసుకున్న ఇంటి గోడ మీదకి ప్రహ్లాదు చేత ఒక తీగ లాగించాడు. నోరు విప్పి ఎవరికీ చెప్పలేదు. నెలకోసారి మాత్రం ప్రహ్లాదుని అడిగేవాడు, నూట ముప్ఫై నాలుగులో సిగ్నల్ బాగుందా అని.

"మంచిగుంది సార్" అనేవాడు ప్రహ్లాదు.

అంతే. తొమ్మిదేళ్ళలో ఆ తండ్రీ కూతుళ్ళ మధ్య నడిచిన సంభాషణ అంతా అదే.

*

పదకొండింటికి కంపెనీ మేనేజరు శ్రీపతి వచ్చాడు. మనిషి మంచివాడే, మర్యాదగా చెప్పులు బయట విడిచాడు. చెప్పే మాటలు మాత్రం ఒక్కటీ మింగుడుపడేలా లేవు.

"బోర్డు సోమవారం తీసేస్తారు సార్. మా కంపెనీ బోర్డు వస్తుంది. మీరు మా ఏరియా పార్ట్‌నర్. ఆ హోదా తగ్గదు."

"పేరు ఉంచితే మీకేం నష్టం?"

"సిటీ అంతా ఒకే పేరు సార్. పై నుంచి వచ్చిన ఆర్డరు." కాఫీ గ్లాసు అందుకుంటూ సుబ్బరత్నం వైపు తిరిగాడు. "మేడమ్, మీ ఆరున్నర ప్రోగ్రాము గురించి విన్నాను. మా అత్తగారిది కూడా ఈ ఏరియానే. మీ గొంతు వినకుండా స్టవ్వు వెలిగించదట. కానీ ఇప్పుడు జనం ఒక టైముకి కూర్చుని చూడటం తగ్గిపోయింది మేడమ్. రెండొందల ఛానళ్ళు వస్తాయి. ఎవరిష్టం వాళ్ళది, ఎవరి టైము వాళ్ళది. తప్పిపోయిన హాల్ టికెట్లు, నల్లా నీళ్ళ టైమింగులు... వాటికి ఇక చోటు లేదు."

ఆపరేటర్ల సంఘానికి ఆరేళ్ళు అధ్యక్షుడిగా ఉండి, కంపెనీల్ని గడప తొక్కనివ్వనని మైకు పట్టుకుని అరిచిన అమరేశ్వరరావు, ఇవాళ తన హాల్లో శ్రీపతికి ఎదురుగా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఏం చేస్తాడు పాపం? పక్క వీధుల్లో సగం మంది ఇప్పటికే డాబాల మీద సొంత డిష్ గొడుగులు పెట్టుకున్నారు. మారకపోతే మునిగిపోతాడు. సంఘంలో అందరికంటే ముందు సంతకం పెట్టింది ఆయనే. పెట్టిన రోజు అన్నం తినలేదు.

సుబ్బరత్నం అడిగింది. "బాబూ, మీ బాక్సులో... ఎవరింట్లో ఎవరు చూస్తున్నారో మీకు తెలుస్తుందా?"

"ఏ బాక్సు పని చేస్తోందో తెలుస్తుంది మేడమ్. ముందు ముందు ఎవరు ఏ ఛానల్ చూస్తున్నారో కూడా తెలుస్తుంది."

"ఇప్పటి తీగలో తెలీదు కదూ?"

"తీగలో ఎలా తెలుస్తుంది? అది ఒకవైపే వెళ్తుంది. తిరిగి ఏమీ రాదు."

ఆ మాట అతను మామూలుగానే అన్నాడు. సుబ్బరత్నం గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళి, నల్లా తిప్పి, నీళ్ళ చప్పుడులో కాసేపు ఏడ్చింది.

ఏడవక ఏం చేస్తుంది? తొమ్మిదేళ్ళుగా ఆమె రోజూ ఆరున్నరకి మాట్లాడింది కూతురితోనే. తెర మీద గులాబీ పూల బొమ్మ, వెనక ఆమె గొంతు. మొదట ప్రకటనలు, చివర ఒక చిట్కా. ఆ చిట్కా దివ్యకి. పిల్ల నెల తప్పిందని ప్రహ్లాదు చెవిన వేసిన నాటి నుంచి, కడుపుతో ఉన్నవాళ్ళు ఏం తినాలో తొమ్మిది నెలలు వరసపెట్టి చదివింది. పురిటి పథ్యం చదివింది. బిడ్డకి దిష్టి, కడుపునొప్పి, పళ్ళు రావడం, ఆటలమ్మ, నత్తి మాటలు, బళ్ళో వేయడం. "ఏమ్మా, నాంపల్లి పిల్లలందరికీ ఒకేసారి పళ్ళొస్తున్నాయా?" అని కూరల బండి దగ్గర ఆడవాళ్ళు ఆటపట్టించేవాళ్ళు. ఆమె నవ్వేసేది. మనవరాలు జెర్లిన్‌కి ఇప్పుడు ఆరేళ్ళు. ఆ పిల్ల ముఖం ఒక్కసారైనా దగ్గర నుంచి చూడలేదు. కానీ ఆ పిల్లకి ఎప్పుడేం కావాలో ఒక్కరోజు తప్పకుండా చెప్పింది.

విన్నదో లేదో తెలియదు. తీగలో తిరిగి ఏమీ రాదు.

*

మూడింటికి అమరేశ్వరరావు సంఘం మీటింగుకి గన్‌ఫౌండ్రీ వెళ్ళాడు. ఆయన స్కూటరు మలుపు తిరిగిందో లేదో, సుబ్బరత్నం ప్రహ్లాదుని మేడ మీదకి పిలిచింది. ఈ ఇంట్లో తీగల పని మొదలైన నాటి నుంచి ఉన్నవాడు. నెరిసిన మీసం, నడుముకి పనిముట్ల బెల్టు.

"ప్రహ్లాదూ, ఇదిగో కొత్త ఫారం. నూట ముప్ఫై నాలుగుకి తీసుకెళ్ళు. దాని చేత సంతకం పెట్టించుకురా. సారుకి నేను చెప్పుకుంటాను."

ప్రహ్లాదు ఫారం అందుకోలేదు. బెల్టు సర్దుకున్నాడు. ఆకాశం వైపు చూశాడు.

"ఏమయ్యా?"

"అమ్మా, గా ఫారంల టీవీలు ఎన్ని అని ఒక డబ్బా ఉన్నది గదా."

"ఉంటే?"

"గండ్ల ఏం రాయాలె?"

"ఉన్నవి రాయి. ఒకటుంటే ఒకటి."

"ఒకటి గూడ లేదమ్మా."

సుబ్బరత్నానికి అర్థం కాలేదు. "రిపేరుకిచ్చారా?"

"లేదమ్మా. గా ఇంట్ల టీవీ లేదు. ఎన్నడు లేకుండె. పెండ్లైన వారం నేను తీగ గుంజుకుని పోతే చిన్నమ్మ గుమ్మంల నిలవడ్డది. 'నాన్న తీగ మీద వచ్చే బొమ్మ నాకొద్దు, నీ తీగ నువ్వు తీస్కపో' అన్నది. సారేమో పెట్టి రమ్మన్నడు. తీస్కొస్తే సార్ మొకం జూడలేను. గందుకని గోడకు కొస మలిచి గట్టి వచ్చిన. ఇగ గట్లనే ఉన్నది, తొమ్మిదేండ్ల సంది."

"మరి... సిగ్నల్ బాగుందని నెలనెలా చెప్పేవాడివి."

"సిగ్నల్ మంచిగనే ఉన్నదమ్మా! నేను అబద్ధమాడలేదు. మీటరు వెట్టి జూసే చెప్పిన. సార్ సిగ్నల్ అడిగిన్రు. టీవీ ఉన్నదా అని ఎన్నడు అడగలే."

ఆమె అక్కడే, డిష్ కింద సిమెంటు దిమ్మ మీద కూర్చుండిపోయింది. ప్రహ్లాదు భయపడి నీళ్ళ చెంబు తెచ్చాడు. ఆమె తాగలేదు.

"ఆ తీగ ఏం చేస్తున్నారయ్యా అక్కడ?"

ప్రహ్లాదు గొంతు దిగిపోయింది. "జర పొడువు ఎక్కువుండె గదా... కిటికీ కాడికెళ్ళి జామచెట్టు దాక గట్టుకున్నరు. దాని మీద పోరి గౌన్లు ఆరేస్తున్నరు."

సుబ్బరత్నం నవ్వింది. అది నవ్వో, ఏడుపో ఆమెకే తెలియలేదు. తొమ్మిదేళ్ళు! పథ్యాలు, కషాయాలు, ఆటలమ్మకి వేపాకులు, అన్నీ గౌన్ల మధ్య నుంచి వెళ్ళి గోడ దగ్గర ఆగిపోయాయి. ఒక్క మాట చేరలేదు. లోకంలో ఇంత పిచ్చిది ఇంకొకతె ఉంటుందా?

"నన్ను చూసి నవ్వుకునేవాడివి కదూ ప్రహ్లాదూ, నేనక్కడ కూర్చుని చదువుతుంటే?"

"అమ్మా!" ప్రహ్లాదు చెవులు మూసుకున్నంత పని చేశాడు. "గట్లనకున్రి. నా బిడ్డలు గూడ మీ మాట మీదనే పెరిగిన్రు." అని ఆగాడు. ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకి మారాడు. "ఇంకొకటి ఉన్నది. చెప్పొద్దని ఒట్టేయించుకున్నది శంకరమ్మ."

"ఏ శంకరమ్మ?"

"చిన్నమ్మోళ్ళ పక్కింటామె. నూట ముప్ఫై ఐదు. పొద్దున ఆమె కాడ ఫారం రాయిస్తుంటే అన్నది, 'నాకు రెండొందల ఛానళ్ళు ఏం జేస్కోను బిడ్డా, ఆరున్నరకు నా టీవీ ఎట్లాగు నాది గాదు' అని. ఏందని అడిగిన. దినాం ఆరున్నరకు చిన్నమ్మ వస్తదట. వాకిలి దగ్గర జేసి, తెర ముంగట కింద కూసుంటదట. పోరి పుట్టకముందుకెళ్ళి. ఒక్క దినం గూడ తప్పలేదట. పురుడైన పన్నెండొద్దులు రాలేకపోతే, శంకరమ్మ ఇని పోయి చెప్పాలెనట, మాట పొల్లు పోకుంట."

సాయంకాలపు ఎండలో డిష్ నీడ ఆమె మీద పడుతోంది. సుబ్బరత్నం రెండు చేతులతో ముఖం కప్పుకుంది. చెప్పలేనంత సంతోషం, దాని వెనకే చెప్పలేనంత బెంగ. వింది. అంతా వింది. రేపు ఏడింటితో వినడానికి ఏమీ ఉండదు.

*

ఆరింటికి అమరేశ్వరరావు మేడెక్కి వచ్చేసరికి ఆమె కంట్రోల్ రూములో మైకు ముందు చీటీలు సర్దుకుంటోంది. ఆఖరి రోజని ఎప్పుడూ లేనన్ని చీటీలు వచ్చాయి.

"ఇవాళ చిట్కా వద్దు రత్నం. సెలవు చెప్పి ముగించు."

"అలాగే." చీటీ మీద నుంచి చూపు తిప్పకుండా అంది. "ఆ ఇంట్లో టీవీ లేదటండీ."

"ఏ ఇంట్లో?" అన్నాడు గానీ, ఏ ఇంట్లోనో ఆయనకు తెలుసు. కుర్చీ మీద చెయ్యి వేశాడు. "సిగ్నల్ బాగుందన్నాడే ప్రహ్లాదు?"

"సిగ్నల్ బాగానే ఉంది. టీవీయే లేదు. మీ తీగ మీద వచ్చే బొమ్మ నాకొద్దందట. అచ్చు మీ పోలికే."

నాంపల్లి స్టేషన్లో ఏదో రైలు కూత వేసింది.

"మరి తీగ?"

"పిల్ల గౌన్లు ఆరేస్తున్నారట."

సుబ్బరత్నం ఎదురుచూసింది. అరుస్తాడనుకుంది. కుర్చీ తన్నేస్తాడనుకుంది. ఆయన మెల్లిగా సౌండు మిక్సర్ ముందు కూర్చుని, కళ్ళద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచాడు. తుడిచిందే తుడిచాడు.

"తడి బట్టలు ఆరేస్తే బరువుకి కొస దగ్గర తెగుతుంది. ప్రహ్లాదుకి ఆ మాత్రం తెలీదూ? ఇంకో తాడు కట్టి రావాల్సింది" అన్నాడు.

శంకరమ్మ ఇంటి సంగతి ఆమె చెప్పలేదు. అది ఇంకాసేపు తనొక్కదానిదే కావాలనిపించింది.

ఆరున్నర. ఆయన మీట జరిపాడు. మైకు మీద ఎర్ర బల్బు వెలిగింది.

"నమస్కారం. దివ్య విజన్ ప్రేక్షకులందరికీ సుబ్బరత్నం నమస్కారం. రోజూ చిట్కా చివర చెప్పేదాన్ని. ఇవాళ ముందే చెప్తున్నాను."

అమరేశ్వరరావు తలెత్తి చూశాడు.

"దివ్యా, అమ్మని."

ఆయన చెయ్యి మీట మీదకి వెళ్ళింది. ఒక్క వేలు కదిపితే చాలు, నాంపల్లి అంతటా గులాబీ పూలు మాత్రం మిగిలి గొంతు ఆగిపోతుంది. ఆమె ఆ వేలినే చూస్తూ మాట్లాడింది.

"ఈ తీగలో బొమ్మ రేపు ఉదయం ఏడింటికి ఆగిపోతుంది. ఆ తర్వాత నేను చెప్పినా నీకు వినపడదు. ఇన్నాళ్ళూ చెప్పినవన్నీ నీకే చెప్పాను తల్లీ. మీరు ఏమీ అనుకోకండి, మిగతా వాళ్ళంతా. శంకరమ్మగారూ, మీకు నా దణ్ణం. దివ్యా, నువ్వు ఇంటికి రానక్కర్లేదు. మమ్మల్ని క్షమించనక్కర్లేదు. ఒక్కటి చెయ్యి. మీ గోడ మీద మీ నాన్న లాగిన తీగ ఉంది. అది ఆగిపోయేలోపు ఒక్కసారి, మీ ఇంట్లో కూర్చుని, ఆ తీగ మీద వచ్చే బొమ్మ చూడు. ఆయన నెలనెలా సిగ్నల్ బాగుందా అని అడిగేవాడు. ఆయనకి అంతకంటే అడగడం రాదు."

ఆ వేలు కదల్లేదు. ఆమె గొంతు సవరించుకుని మొదటి చీటీ తీసింది.

"రేపు ఉదయం నల్లా నీళ్ళు గంట ఆలస్యంగా వస్తాయి. పబ్లిక్ గార్డెన్స్ దగ్గర ఒక చిన్నపిల్ల వెండి పట్టీ దొరికింది, గుర్తులు చెప్పి తీసుకెళ్ళవచ్చు..."

ఒక్కో చీటీ చదువుతుంటే ఆమె మనసు శంకరమ్మ ఇంట్లో, తెర ముందు, నేల మీద ఉంది. లేచి వెళ్ళిపోయిందా? కోపం వచ్చిందా? అందరి ముందూ పేరు పెట్టి పిలిచానని తలదించుకుందా? పుట్టినరోజులు చదివింది, పెళ్ళిరోజులు చదివింది, ఎన్నేళ్ళుగానో వింటున్నామంటూ వీధి వీధి నుంచి వచ్చిన వీడ్కోలు చీటీలు చదివింది. అరగంట దాటింది. ఆఖరి చీటీ అయిపోయింది. సెలవు అనే మాట నోట్లోంచి రాలేదు.

బల్ల మీద ఫోను మోగింది.

అమరేశ్వరరావు తీశాడు. ఒక చెవి మందం కావడంతో ఫోను శబ్దం పెంచి, రిసీవరు కాస్త దూరంగా పట్టుకునే అలవాటు ఆయనది. సుబ్బరత్నం కుర్చీ జరుపుకుని తల దగ్గరగా పెట్టింది. అవతల ప్రహ్లాదు రొప్పుతున్నాడు.

"సార్, నేను నూట ముప్ఫై నాలుగు కాడ ఉన్న. గౌన్లు తీసేసిన్రు సార్."

"ఎవరు?"

"చిన్నమ్మే. దబదబ తీసి పోరి చేతిలవెట్టింది. టిమోతి అన్న శంకరమ్మ టీవీని ఎత్తుకొని పట్టుకొచ్చిండు. నాకు ఫోన్ జేసి పిలిచిన్రు, ఉరికొచ్చి కొస జోడించిన. మిమ్ములను అడగలే సార్. తిట్టుకుంటే తిట్టుకోన్రి."

అమరేశ్వరరావు రిసీవరు ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"సిగ్నల్... సిగ్నల్ బాగుందా?"

తొమ్మిదేళ్ళలో మొదటిసారి ప్రహ్లాదు 'మంచిగుంది' అనలేదు.

"గది నన్ను అడగకున్రి సార్. మీరే అడగున్రి."

అవతల ఫోను చేతులు మారిన చప్పుడు. ఎవరో ఊపిరి పీల్చారు. పక్కనెక్కడో చిన్నపిల్ల ఏదో అడుగుతోంది, ఎవరో ఉష్షంటున్నారు.

అప్పుడు చూసింది సుబ్బరత్నం. మైకు మీద ఎర్ర బల్బు ఇంకా వెలుగుతూనే ఉంది. మీట దించడం ఆయన మరిచిపోయాడు. ఆమె చెయ్యి దాని దాకా వెళ్ళింది. వెళ్ళి, వెనక్కి వచ్చేసింది.

"బొమ్మ సరిగ్గా వస్తోందా..." అన్నాడు అమరేశ్వరరావు, "దివ్యా?"

ఫోనులోంచి ఎవరూ పలకలేదు. కానీ రెడ్‌హిల్స్ గల్లీలో, ఆ ఇంట్లో, ఆ టీవీలోంచి ఆయన గొంతే బయల్దేరి, ఫోను దారిన తిరిగి వచ్చి ఆయన చెవిలో పడింది. దివ్యా, అంది.

ఆయన ఉలిక్కిపడి మైకు వైపు చూశాడు. ఎర్ర బల్బు చూశాడు. మీట ఆయన చేతికి అందేంత దూరంలోనే ఉంది. ఆయన రిసీవరు రెండు చేతులా పట్టుకున్నాడు.